చిన్నాన్న మెచ్చిన బండ్లు

పిన్ని పోయిందని కబురు తెలిసి, కర్మల వేళకి ఎలాగో బిలాస్‌పూర్ చేరాను. స్టేషన్‌కి పిన్ని మనవడు రాజు వచ్చాడు. నా పెట్టె అందుకుని, కొత్తగా కొన్న తన కారులో కూర్చోబెట్టాడు. ఏడ్చి మొహం వాచిపోయి ఉన్నా, కుర్రాడు గనక, కాసేపటికే కారు సంగతి ఎత్తాడు. లీటరుకి ఎంత దూరం పోతుందో, ఏసీ ఎంత చల్లగా ఉంటుందో సగం తెలుగులో, సగం హిందీలో చెప్పుకుపోతున్నాడు. తోర్వా వైపు తిరిగేచోట ఇంటంత బండి ఒకటి సందుకి అడ్డంగా ఇరుక్కుపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. స్కూటర్లన్నీ గోల పెడుతున్నాయి. రాజు హారన్ మీంచి చెయ్యి తీసేసి, "దేఖో అత్తా, ఇత్నా బడా! పూరా దండగ బండీ," అన్నాడు.

నేను వాడి వైపు తిరిగాను. "ఆ మాట నీకెవరు నేర్పార్రా?"

"కౌన్‌సా? దండగ బండీనా? మాలూమ్ నహీ అత్తా. మా ఇంట్లో అందరూ అంటారు కదా. నాయనమ్మ అనేది, డాడీ అనేవాడు."

రాజుకి తెలుగు అక్షరాలు రావు. తాతని చూడలేదు. వాడు పుట్టేనాటికే ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన మాట వాడి నోట అంత సులువుగా పలికింది. ఆ తాత నాకు చిన్నాన్న, నాన్నకి తమ్ముడు. పేరు సన్యాసిరావు. రైల్వేలో ఇంజను మీద ఫైర్‌మన్. ఊళ్ళోకి ఏ మోటారు బండి వచ్చినా పనులు మానుకుని దాని చుట్టూ తిరిగి చూసి, మంచీ చెడ్డా చెప్పకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు.

మేమంతా ఒకే క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక వసారా, చిన్న పెరడు. నాన్న స్టేషన్లో పార్సిలాఫీసు గుమస్తా. క్వార్టరు నాన్న పేర ఉండేది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మామ్మా, పిన్నీ నన్ను పెంచారు. విజయనగరం దగ్గర పల్లెటూరి నించి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో వంటా మాటా అంతా అక్కడిదే. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, దాంట్లోకి ఉల్లిపాయ ముక్క, మధ్యాహ్నం ఇంగువ పోపు వాసన. కానీ ఆ వాసనలన్నిటికీ పైన బొగ్గు వాసన ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆరేసిన బట్టల్లోనూ ఉండేది, ఊరగాయ జాడీల మీద కట్టిన గుడ్డల్లోనూ ఉండేది. చిన్నాన్న డ్యూటీ దిగి వచ్చాడంటే ఆ వాసన మనిషి రూపంలో నడిచొచ్చినట్టే. పిన్ని పెరట్లో డేగిసాడు వేణ్ణీళ్ళు, కొబ్బరిపీచు, సబ్బుముక్క సిద్ధంగా పెట్టేది. ఆయన ఒళ్ళు తోముకుంటుంటే మొదటి చెంబు నీళ్ళు సిరాలాగా పారేవి. ఆ నీళ్ళు పోసుకుంటూనే, దారిలో ఎక్కడ ఏ మోటారు కనిపించిందో గోడ ఇవతల ఉన్న మాకు అరిచి చెప్పేవాడు.

అప్పట్లో ఊళ్ళో మోటార్లు తక్కువ. ఒక్కొక్కటీ మనుషుల్లాగే అందరికీ తెలుసు. వాటి కంపెనీ పేర్లు చిన్నాన్న చెప్పేవాడు గానీ మాకు నోరు తిరిగేవి కావు. ఎవరి బండి అయితే ఆ పేరే. ఆయన లెక్కలో బండ్లు మూడు రకాలు: సరదా బండి, పనికొచ్చే బండి, దండగ బండి. ఊరి పెద్ద మాల్‌గుజారు, అంటే మన జమీందారు లాంటివాడు, అమెరికా నించి తెప్పించుకున్న తెరల బండి దండగ బండి. "ఏటి దాని పొడుగు! గోల్‌బజారు మలుపులో తిరగాలంటే మూడుసార్లు ముందుకీ వెనక్కీ లాగాల. లోపల కూకున్నోడికి ఎండ తగలదు, గాలి తగలదు, ఊరు కనపడదు. మరి మోటారెందుకు? ఇంట్లోనే మంచమ్మీద పడుకోవచ్చు కదా," అనేవాడు. మిషనాస్పత్రి వాళ్ళ డబ్బా బండి పనికొచ్చేది. బురదలో దిగినా లేస్తుంది, రోగిని పడుకోబెట్టొచ్చు, కమ్మరి కొలిమిలో కూడా దానికి కావల్సిన ముక్క అతికించుకోవచ్చు. "దాన్ని చూస్తే నాకు మా అమ్మే గుర్తొస్తాది. అందం లేదు, అలుపూ లేదు," అని మామ్మకి వినపడేలా అనేవాడు.

మామ్మ వసారాలో బియ్యం చెరుగుతూ, "ఓరి, నీ నోరు పడిపోను! నన్ను మోటారుతో పోలుస్తావేట్రా?" అనేది. లోపల్లోపల సంతోషమే.

ఇక సరదా బండి అంటే ఊళ్ళో ఒకటే. బెంగాలీ డాక్టరుగారి చిన్న విలాతీ బండి. పైన గుడ్డ టాపు, చీపురుపుల్లల్లాంటి చువ్వల చక్రాలు, రబ్బరు బుడ్డి నొక్కితే బాతులా అరిచే హారను. నలుగురు ఎక్కితే మోకాళ్ళు గడ్డాలకి తగిలేవి. ఆ బండి చెడినప్పుడల్లా డాక్టరుగారు చిన్నాన్నకి కబురుపెట్టేవారు. బాగుచేసినందుకు బదులుగా ఊరి బయటిదాకా నడుపుకోనిచ్చేవారు. అలాగే చిన్నాన్నకి డ్రైవింగు వచ్చింది. "బండన్నది మనతో మాటాడాలమ్మీ," అనేవాడు నాతో. "ఎత్తెక్కేటప్పుడు గొణగాల. పల్లంలో దిగేటప్పుడు ఈల వెయ్యాల. ఇది మాటాడతాది."

"నీ ఇంజను మాట్లాడదా చిన్నాన్నా?"

"ఇంజను గొప్పదే. దాని ముందర ఇవన్నీ ఎంత! కానీ పట్టాలెటుంటే అటే పోతాది. మనం తిప్పితే తిరగదు."

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పెట్రోలు కూపన్ల మీదకి మారింది. డబ్బున్నవాళ్ళే బండ్లు షెడ్లలో పెట్టి గోనెలు కప్పేశారు. డాక్టరుగారు ప్రాక్టీసు మానేసి కలకత్తా కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, ఆ రోజుల్లో మోటారు కొనే నాథుడు లేక, చిన్నాన్నని పిలిచి బండి తీసుకోమన్నారు. "ఎవరికో ఇస్తే ఎక్కడో వదిలేస్తాడు. నువ్వైతే చూసుకుంటావు," అన్నారట. దాదాపు ఊరికే ఇచ్చినట్టే. రైల్వే కాలనీలో మాలాంటివాళ్ళ పెరట్లోకి మోటారు రావడం అదే మొదలు. కంచె ఒక పక్క పీకి లోపలికి తోశారు. మామ్మ హారతిచ్చి, దాని మొహం మీద బొట్టు పెట్టింది. ఎక్కడ పెట్టాలో తెలియక రెండు దీపాలకీ పెట్టింది. చిన్నాన్న మాత్రం నవ్వలేదు. బండి చుట్టూ నెమ్మదిగా నడుస్తూ చక్రాల మీది రెక్కలూ, తలుపులూ, టాపు గుడ్డా చేత్తో తడుముతున్నాడు. మురిపెంతో నిమురుతున్నాడనే మేమంతా అనుకున్నాం.

నెలకి ఎంతో కొంత పెట్రోలు దొరికేది. దాంతో ఒక ఆదివారం షికారు. నేను ముందు సీట్లో ఆయన పక్కన, మామ్మా పిన్నీ వెనక, పిన్ని ఒళ్ళో చంటి పిల్లాడు. ఆ చంటిపిల్లాడే రాజు వాళ్ళ నాన్న. నాన్నని రమ్మంటే, "నా బరువు కూడా ఎందుకు, పాపం దానికి," అని తప్పించుకునేవాడు. నాన్నకి మోటార్లంటే ఏమీ పట్టదు. అన్నిటినీ 'నల్లబండి' అనేవాడు. ఒకసారి కార్గీ రోడ్ దారి పట్టి అడవి మొదలయ్యేదాకా వెళ్ళి, చెట్ల కింద చద్దన్నం తిని వచ్చాం. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా మామ్మ 'నారాయణా' అనేది, చిన్నాన్న హారన్ నొక్కేవాడు. అలాంటి ఆదివారాలు ఎన్నో ఉన్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తీరా గుర్తు చేసుకుంటే నాలుగైదుకి మించి లేవు.

చిన్నాన్న చూపు సంగతి మాకు ఒక్కసారిగా తెలియలేదు. సాయంత్రం అయ్యేసరికి ఆయన పెరట్లోకి వెళ్ళడం మానేశాడు. దీపం ఇంకా పెట్టలేదేమని పిన్ని మీద విసుక్కునేవాడు. బకెట్టుకి తట్టుకుని పడితే, "ఇక్కడెవరు పెట్టార్రా దీన్ని," అని కేకలేసేవాడు. అది ఎప్పుడూ ఉండే చోటే ఉంది. కొన్నాళ్ళకి నేను గమనించిందేమిటంటే, మా ఇంట్లో వస్తువులు కదలడం మానేశాయి. పీట గోడకి ఎంత దూరంలో వెయ్యాలో, చెంబు ఎటువైపు పెట్టాలో పిన్ని ఒక పద్ధతి పెట్టింది. నేను చాప అటూ ఇటూ మారిస్తే మళ్ళీ తెచ్చి అక్కడే వేసేది. కంచంలో ఊరగాయ పక్కన వెయ్యకుండా ఎదురుగా వేసేది. ఆయన ఎదురుగా ఉన్నది చూడగలడు, పక్కన ఉన్నది చూడలేడు. ఈ సంగతి పిన్నికి మా అందరికంటే ముందే తెలుసు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా.

మామ్మ రేచీకటి అనుకుంది. ఇంటి వెనక కాలవ గట్టున పొన్నగంటి కూర కోసుకొచ్చి రోజూ వండించింది. మేక కార్జం తెప్పించి నిప్పుల మీద కాల్చి పెట్టింది. ఆ కమురు వాసనకి నేను పెరట్లోకి పారిపోయేదాన్ని. చిన్నాన్న పెట్టిందంతా తినేవాడు. ఎందుకు పెడుతున్నారని ఆయన అడగలేదు, ఎందుకో వీళ్ళు చెప్పలేదు. ఒకరోజు మామ్మ పెరట్లో ఒంటరిగా కూర కోస్తూ, "ఆ కళ్ళు నేనిచ్చినవే కదా. ఒకసారి ఇచ్చినదాన్ని, మళ్ళీ ఎలగ ఇచ్చీదిరా దేవుడా," అనుకోవడం విన్నాను.

దీనికి తోడు డ్రైవరు పరీక్ష ఒకటి. ఫైర్‌మన్‌గా ఇన్నేళ్ళు చేసినవాడికి ఇంజను చేతికిచ్చే ముందు రైల్వే డాక్టరు కళ్ళు చూస్తాడు. చిన్నాన్నతో చేరినవాళ్ళు డ్రైవర్లయిపోయారు. ఆయన మాత్రం జ్వరమనీ, ఊరెళ్ళాలనీ పరీక్ష వాయిదా వేసుకుంటూ వచ్చాడు. ఇంజను మీద సిగ్నళ్ళు చూడ్డానికి పక్కన డ్రైవరున్నాడు గనక, అప్పటికి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఈసారి తప్పించుకునే వీల్లేదని ఇంజన్ల షెడ్డు నించి కబురొచ్చింది. నాన్న ఆయనతో మాట్లాడాలని వసారాలోకి వెళ్ళేవాడు. తలుపు వెనక నేనూ పిన్నీ చెవులొగ్గి నించునేవాళ్ళం.

"ఏరా సన్యాసీ."

"ఏటన్నయ్యా?"

నాన్న భుజం మీది కండువా దులిపి మళ్ళీ వేసుకునేవాడు. "ఏం లేదు. ఈ ఏడు మినప్పప్పు బాగా పిరమైపోనాది," అని ఇంట్లోకి వచ్చేసేవాడు. లోపలికొచ్చాక మా మొహాలు చూసేవాడు కాదు. పిన్నే అనేది, "పోనీండి బావగారూ. తమరు మాత్రం ఏటని చెప్తారు." ఆ బండి తాళం దాచేద్దామని నాన్న ఒకసారి అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. "ఇంజను ఎలాగూ పోతాది. ఇది కూడా మనమే లాగీసుకుంటే ఆ మనిషి దగ్గర ఏటి మిగుల్తాది?" అంది. ఆదివారం వచ్చేసరికి మళ్ళీ మేమంతా ఆ బండెక్కేవాళ్ళం. భయపడుతూనే ఎక్కేవాళ్ళం. ఆయన ఒక్కణ్ణీ పంపడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

ఆ కార్తీకంలో రతన్‌పూర్ మహామాయ అమ్మవారికి మొక్కుకోవాలంది మామ్మ. మొక్కు దేనికో అందరికీ తెలుసు. పొద్దున్నే బయల్దేరాం. వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. దర్శనమైంది, చెరువు గట్టున పులిహోర తిన్నాం. తిరుగు దారిలో ఎండ పసుపుపచ్చగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా వరి కోతలు. చిన్నాన్న ఉత్సాహంగా ఉన్నాడు. యుద్ధం అయ్యాక ఎలాంటి బండ్లొస్తాయో చెప్తున్నాడు. "ఇలాంటి చిన్న బండ్లే రావాల. నీలాంటి ఆడపిల్ల కూడా నడుపుకోవచ్చు. ధర పెంచి, మెరుగులు దిద్ది అమ్మితే అవి మళ్ళీ దండగ బండ్లే," అంటున్నాడు.

ఎడం పక్క పొలం గట్టు మీంచి నెత్తిన పుల్లలమోపుతో ఒక అమ్మాయి రోడ్డెక్కింది. పదేళ్ళుంటాయేమో. నాకు దూరం నించే కనిపించింది. ఆయనా చూసే ఉంటాడనుకున్నాను. అందరికీ కనపడేంత పట్టపగలు అది. బండి తగ్గలేదు. "చిన్నాన్నా!" అని అరిచాను. ఆయన బ్రేకు తొక్కుతూ కుడికి తిప్పాడు. ఎడం రెక్క ఆ పిల్లని రాసుకుంటూ పోయింది. పుల్లలు ఎగిరి బండి మీద పడ్డాయి. బండి అవతలి గట్టుకి ఆనుకుని ఆగింది. ఇంజను ఆడుతూనే ఉంది. ఆ పిల్ల ఏడుపు వినపడేదాకా మాలో ఎవరికీ ప్రాణం లేదు.

బతికింది. మోచెయ్యి దోక్కుపోయింది, చీలమండ బెణికింది. మామ్మ కూజాలో నీళ్ళతో కడిగి, ప్రసాదంగా తెచ్చుకున్న అమ్మవారి పసుపు మొత్తం ఆ మోచేతి మీద పెట్టింది. పిన్ని పిల్లాణ్ణి నా చేతికిచ్చి ఆ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. ఇంతలో వెనక నించి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. చేతిలో కొడవలి అలాగే ఉంది. కూతుర్ని చూసింది, ఒళ్ళంతా తడిమింది. తర్వాత లేచి చిన్నాన్న మీదికి వెళ్ళింది.

"తోలా నయీ దిఖిస్ కా గా?" నీకు కనపళ్ళేదా అని. గొంతు చించుకుని అరిచింది. మోటారున్నవాళ్ళకి మనుషులు కనపడరా అని తిట్టింది.

చిన్నాన్న బండి దిగి నించున్నాడు. తలుపు మీద చెయ్యి ఆనించి ఉంది. ఆమె ఆగేదాకా ఆగాడు. తర్వాత ఆమె భాషలోనే అన్నాడు: "నయీ దిఖిస్, దాయీ." కనపళ్ళేదమ్మా. మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా. "మోలా నయీ దిఖయ్."

నాకు కనపడదు.

అంతకాలం మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట, ఆయన దారిన పోయే మనిషితో అన్నాడు. పిన్ని తల వంచుకుంది. ఆ పిల్ల తల్లి కొడవలి కింద పెట్టింది. దగ్గరికొచ్చి, చెయ్యెత్తి ఆయన చెంప పక్కన, చెవికి దగ్గరగా అటూ ఇటూ ఆడించింది. ఆయన కదల్లేదు. చూపు రోడ్డు మీదే ఉంది. చెయ్యి నెమ్మదిగా ముందుకి తెచ్చింది. ముక్కుకి ఎదురుగా వచ్చాక గానీ ఆయన కళ్ళు దాన్ని పట్టుకోలేదు. మేమంతా చూశాం. మామ్మ రోడ్డు మీదే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత ఆయన స్టీరింగు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళమని అనే ధైర్యం ఎవరికీ లేదు. బండికి ఏమీ కాలేదు, పెట్రోలుంది, దారి బాగుంది. కానీ నడిపేవాళ్ళు లేరు. ఇద్దరాడవాళ్ళు, ఒక ఆడపిల్ల, ఒక చంటివాడు, కళ్ళు కనపడని మనిషి. పొలాల మధ్య ఆ బండి చుట్టూ దిక్కులేనట్టు నించున్నాం. చివరికి ఏ పిల్లనైతే మేం పడేశామో ఆ పిల్ల తల్లే, మొగుణ్ణి కేకేసి ఎడ్లని తోలుకురమ్మంది. మోటారుకి మోకులు కట్టి ఎడ్లు లాగాయి. మామ్మా, నేనూ, పిల్లాడూ లోపల. చిన్నాన్నని ఎక్కమంటే ఎక్కలేదు. రెక్క మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు. పిన్ని కూడా దిగి, ఆయనకి ఎడంవైపున నడిచింది. ఊరు చేరేసరికి కాలనీ వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. కొందరు నవ్వారు, మోటారు చెడిపోయిందనుకుని.

నాన్న కంచె దగ్గర నించుని ఉన్నాడు. ఎడ్లనీ, తమ్ముణ్ణీ చూశాడు. ఏం జరిగిందని అడగలేదు. చిన్నాన్నే అన్నాడు. "అన్నయ్యా, రేపు నాతో ఆస్పత్రికి రావాల. డాక్టరుకి నేనే చెప్పీస్తాను."

"అలాగేరా."

"ఇంజను దింపీస్తారు."

"దింపనీరా," అన్నాడు నాన్న. తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏ వైపు నించి వేస్తే ఉలిక్కిపడడో తెలియక, ఎదురుగా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

రైల్వే డాక్టరు మంచివాడు. దీపం పట్టి చాలాసేపు చూశాడట. అద్దాలతో పోయేది కాదు, మందుతో ఆగేది కాదు, మెల్లమెల్లగా ఎదుటి చూపు కూడా మూసుకుపోతుంది అన్నాడు. "నేనేం చెయ్యలేను బాబూ" అని ఆయనే కుర్చీలోంచి లేచి నించున్నాడని నాన్న చెప్పాడు. చిన్నాన్నని ఇంజను మీంచి దింపేశారు. షెడ్డులో ఒక మూల, తుడుపు గుడ్డలూ నూనె డబ్బాలూ అందించే చోట కూర్చోబెట్టారు. మోటారుని ఒక బట్టల వర్తకుడు అడిగాడు. చిన్నాన్న అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని దాని లోపాలన్నీ చెప్పాడు. ఎత్తులో క్లచ్చు జారుతుందనీ, వానలో టాపు కారుతుందనీ, బస్తాలు మొయ్యడానికి అసలు పనికిరాదనీ. "నీకు కావల్సింది పనికొచ్చే బండి సేఠ్‌జీ. ఇది సరదా బండి," అన్నాడు. అయినా ఆ వర్తకుడు కొన్నాడు. బండి వెళ్ళిపోయేటప్పుడు చిన్నాన్న బయటికి రాలేదు. వంటింట్లో పిన్ని పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీశాడు.

చాలా ఏళ్ళకి ఒక కళ్ళ డాక్టర్ని అడిగాను. మాట పూర్తికాకుండానే ఆయన ఆ జబ్బు పేరు చెప్పాడు. పొడుగాటి ఇంగ్లీషు పేరు. మందుందా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆ రోజుల్లో మాకు పేరు కూడా తెలియదు. ఇప్పుడు పేరు దొరికింది, అంతే. ఇప్పటి బిలాస్‌పూర్లో రోడ్డు దాటాలంటే నాకు రాజు చెయ్యి కావాలి. వ్యాపార్ విహార్ వైపు వెళ్తే లారీలూ కార్లూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎవరూ ఏ బండినీ తలెత్తి చూడరు. కొన్నవాళ్ళు కూడా నాలుగేళ్ళకి మార్చేస్తామంటారు. ఎన్నెన్ని బండ్లు! చిన్నాన్నైతే ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, నాకు పొద్దుగూకేదాకా చెప్పేవాడు. అంత వినే ఓపిక ఇప్పుడు నాకైనా ఉండేదో లేదో. మాకు అప్పుడు చేతకానిది, చెప్పవలసిన మాట చెప్పడం. ఇప్పటివాళ్ళు అన్నీ చెప్పేసుకుంటారు. అదే మంచిదని తెలుసు. కానీ చెప్పకుండా, చాప కదలనివ్వకుండా కాపాడిన పిన్నిది తప్పని అనడానికి నాకు నోరు రాదు.

నా పెళ్ళయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్తున్నాను. యుద్ధం అయిపోయింది. చిన్నాన్నకి అప్పటికి వెలుతురూ చీకటీ తేడా మాత్రమే తెలిసేది. షెడ్డూ పార్సిలాఫీసూ ఒకే వైపు గనక రోజూ పొద్దున్న నాన్నే ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఆ పొద్దున్న నేనూ రైలు అందుకోవాలని వాళ్ళ వెనకే నడుస్తున్నాను. దూరం నించి మోటారు చప్పుడొచ్చింది. చిన్నాన్న ఆగిపోయాడు.

"ఇది కొత్తదన్నయ్యా. ఎప్పుడూ వినలేదు. ఎలగుంది?"

నల్లబండి అంటాడనుకున్నాను. నాన్న రోడ్డు అంచుకి జరిగి, కళ్ళజోడు సరిచేసుకుని, వంగి చూశాడు. "ముక్కు గుండ్రంగా ఉందిరా, పనసపండులాగ. ముందు దీపాలు విడిగా లేవు, రెక్కల్లోనే పొదిగీసినారు. రంగు నలుపు కాదు, లేత బూడిద. పక్కన అడుగెట్టే చెక్క లేదు."

"ఫుట్‌బోర్డు లేదేటి? మరి ఎక్కీది ఎలగ?"

"బండే కిందికుందిరా. తలుపు తీసి తిన్నగా కూకోవచ్చు. వెనకద్దం రెండు ముక్కలు. చక్రాలకి చువ్వల్లేవు, పళ్ళెంలాగ మూసీసి ఉన్నాయి, మధ్యలో మెరుస్తంది."

మోటార్లంటే ఏమీ తెలియని మా నాన్న ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. తర్వాత పిన్ని చెప్పింది, ఎక్కడ బండి ఆగి ఉన్నా చుట్టూ తిరిగి చూసి వస్తున్నాడని, డ్రైవర్లని అడిగి పేర్లు కూడా తెలుసుకుంటున్నాడని. చిన్నాన్న మొహం పైకెత్తి వింటున్నాడు. బండి మమ్మల్ని దాటింది, దుమ్ము లేచింది, చప్పుడు సన్నబడింది.

"ఇంకా చెప్పన్నయ్యా," అన్నాడు చిన్నాన్న.

నాన్న ఖాళీ రోడ్డు వైపు చూశాడు. తమ్ముడి చెయ్యి వదల్లేదు. "లోపల సీట్లు ఎర్రతోలురా," అన్నాడు. "స్టీరింగు తెల్లగా ఉంది, దంతంతో చేసినట్టు. వెనకాల చిన్నపిల్ల ఒకర్తి నించుని మనకేసి చెయ్యూపుతంది."

చిన్నాన్న నవ్వి, చెయ్యెత్తి ఊపాడు. బండి మలుపు తిరిగిపోయి చాలాసేపయింది. నా రైలుకి వేళవుతోంది. నాన్న ఇంకా చెప్తూనే ఉన్నాడు.